విత్తాక పలక తోలాలా, వద్దా?

(ఖరీఫ్‌కు ముందు జరిగిన రైతు శిక్షణా తరగతిలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం చూడటానికి చిన్నది. గిట్టుబాటు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు కార్డుల గురించి, ఎరువుల కొరత గురించి మనం నెలనెలా మాట్లాడుకుంటూనే ఉన్నాం. వాటి పక్కన పెడితే, విత్తనం వేశాక నేల మీద పలక తోలాలా వద్దా అన్నది పెద్ద సమస్యలా కనిపించదు. కానీ మొలక రాని పొలానికి గిట్టుబాటు ధర వచ్చినా లాభమేంటి? పంట మొదటి పది రోజుల్లో పోతే, మిగతా పోరాటమంతా పక్కవాడి పంట కోసం చేసినట్టే అవుతుంది. అందుకని ఈ అరగంట గింజ గురించి, మన్ను గురించి మాట్లాడతాను.

ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. పలక అని నేను అంటున్నది ఒక్క పనిముట్టును కాదు. ఎడ్లతో లాగే చదును బల్ల కావచ్చు, బరువు కోసం మనిషి ఎక్కి నిలబడే మాను కావచ్చు, ట్రాక్టర్ వెనక కట్టే ఇనుప దూలం కావచ్చు, దొర్లే రోలర్ కావచ్చు. విత్తిన సాళ్ల మీద బరువు పడేలా నడిపే దేన్నైనా ఇక్కడ పలక అనుకోండి. కొన్ని ఊళ్లలో గుంటక కూడా ఈ పని చేస్తుంది. పేరు ఏదైనా పని ఒకటే: గింజ మీద మన్ను కప్పి, అదిమి, పైన చదును చెయ్యడం.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వచ్చింది

మెట్ట రైతుకు ఇది కొత్త కాదు. గొర్రు వెనక గుంటక నడవడం మన తాతల నాటి పద్ధతి. సాలు తీయడం, గింజ వదలడం, సాలు పూడ్చడం అన్నీ ఒకే పూట, ఒకే పదునులో అయిపోయేవి. కొత్తగా ఈ ప్రశ్న వచ్చింది వరి రైతుకు. కూలీలు దొరక్క, నాట్ల ఖర్చు మోయలేక, కాలవ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియక చాలామంది పొడి దుక్కిలో సీడ్ డ్రిల్లుతో నేరుగా వరి విత్తుతున్నారు. కృష్ణా పశ్చిమ డెల్టా చివరి భూముల్లో వెద వరి ఇలాగే వచ్చింది. తెలంగాణలో బోర్ల కింద కూడా ఈ పద్ధతి పెరుగుతోంది. నారు పోసి నాటిన రైతుకు దమ్ము తెలుసు, జంబు తెలుసు. పొడి నేలలో గింజకు ఏం కావాలో అతనికి అలవాటు లేదు. పైగా పని మన చేతిలో లేదు. ట్రాక్టర్ బాడుగకు వస్తుంది, డ్రిల్లు నడుస్తుంది, రెండు గంటల్లో డ్రైవరు ఇంకో పొలానికి వెళ్లిపోతాడు.

దాంతో ఊళ్లో రెండు వర్గాలు తయారయ్యాయి. ఒకరు "పలక తోలకపోతే మొలక రాదు" అంటారు. ఇంకొకరు "తోలితే వాన పడగానే నేల అట్ట కట్టి మొలక చస్తుంది" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి పొలంలో వాళ్లు చూసిందే చెబుతున్నారు. ఒకరిది నల్లరేగడి, ఇంకొకరిది ఎర్ర నేల. ఒకరు పదునులో విత్తారు, ఇంకొకరు దుమ్ములో విత్తి వాన కోసం చూశారు. నేల మారితే సమాధానం మారుతుంది. అది తెలియక కొట్టుకుంటున్నాం.

గింజకు కావలసింది ఏమిటి

గింజ మొలకెత్తాలంటే ముందు నీళ్లు తాగాలి. మొక్కజొన్న గింజ అయితే తన బరువులో దాదాపు మూడో వంతు నీరు పీల్చుకుంటే గానీ మొలక రాదు. ఆ నీరు గాల్లోంచి రాదు, గింజను తాకుతున్న మన్నులోంచి వస్తుంది. గింజ చుట్టూ పెళ్లలు ఉండి మధ్యలో ఖాళీలు ఉంటే, కింద ఎంత పదును ఉన్నా గింజకు అందేది తక్కువ. అందుకే అదమడం అవసరం. అదిమిన మన్నులో సన్నని దారులు ఏర్పడతాయి, కింది తడి వాటి గుండా పైకి వస్తుంది. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే.

అయితే ఆ తడి గింజ దగ్గర ఆగితే మంచిది. పై దాకా అంతా గట్టిగా అదిమేస్తే తడి నేల పైకి వచ్చి ఎండకు ఆరిపోతుంది. పైన వేలెడు మందం గుల్ల మన్ను ఉంటే అది మూతలా పనిచేస్తుంది. మన పెద్దలు గుంటక తోలింది ఇందుకే. గుంటక పాస కింద సాలు మూసుకుంటుంది, పైన మాత్రం మన్ను గుల్లగా మిగులుతుంది.

నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే: గింజ చుట్టూ గట్టిగా, పైన గుల్లగా. ఈ రెండూ వచ్చేలా ఏది చేస్తే అది మంచి పని. ఈ రెంటిలో ఏది చెడినా అది దండగ ఖర్చు. పలక తోలాలా వద్దా అని అడిగే ముందు, నా పొలంలో ఈ రెంటిలో ఏది లేదు అని అడగండి.

దీనికి సాక్ష్యం కావాలంటే మీ పొలంలోనే ఉంది. డ్రిల్లు లాగిన ట్రాక్టర్ చక్రాల జాడలు చూడండి. చక్రం నడిచిన పట్టీలో మొలక ముందు వచ్చిందా, వెనక వచ్చిందా, అసలు రాలేదా? ముందు వచ్చి చిక్కగా ఉంటే మీ పొలం మిగతా భాగానికి అదుము చాలలేదని అర్థం. చక్రం జాడలోనే మొలక లేకపోతే, ఆ పదునులో ఆ నేల మీద బరువు పడకూడదని అర్థం. పైసా ఖర్చు లేకుండా ప్రతి పొలంలో జరిగే ప్రయోగం ఇది. పదో రోజున గట్టు మీద నుంచి కాదు, పొలంలో దిగి చూడాలి.

ఏ నేలలో ఏం చెయ్యాలి

నల్లరేగడిలో మాఘీ జొన్న, రబీ జొన్న సంగతి ముందు చెబుతాను. వానలు వెనక్కి తగ్గుతున్న కాలంలో వేసే పంట ఇది. ఇక వాన మీద ఆశ తక్కువ, నేలలో ఉన్న పదునే ఆధారం. ఎకరాకు మూడు నాలుగు కిలోల విత్తనం, పదును అందేంత లోతులో పడుతుంది. ఇక్కడ సాలు తెరిచి వదిలేస్తే నడి ఎండకు పదును ఎగిరిపోతుంది. విత్తిన వెంటనే సాలు పూడ్చి అదమాల్సిందే. పొద్దున విత్తి సాయంత్రం తోలదాం అనుకుంటే సగం లాభం పోయినట్టే.

అదే నల్లరేగడిలో వాన పడి జిగురుగా ఉన్నప్పుడు పలక జోలికి పోవద్దు. బంకమన్ను తడి మీద బరువు పడితే ఇటుకలా మారుతుంది. గాలి ఆడదు. గింజ నీళ్లు తాగి, ఊపిరాడక కుళ్లుతుంది. పలకకు మన్ను అంటుకొని గింజలు కూడా లేచి వస్తాయి. అలాంటప్పుడు ఒకటి రెండు రోజులు ఆగడం మంచిది. ఆగడానికి వీల్లేదంటే తోలకుండా వదిలెయ్యడం మంచిది.

ఎర్ర నేలలు, ఇసుకపాలు ఎక్కువున్న చెల్కల లెక్క వేరు. ఈ మన్నులో సేంద్రియ పదార్థం తక్కువ. మెత్తగా దున్ని, దాని మీద పలక తోలి అద్దంలా చదును చేస్తే చూడ్డానికి బాగుంటుంది. ఒక గట్టి వాన కొట్టి, రెండు రోజులు ఎండ కాస్తే పైపొర అట్ట కడుతుంది. సజ్జ, కొర్ర మొలకలకు ఆ పొరను చీల్చుకొని వచ్చే బలం ఉండదు. ఇక్కడ చిన్న చిన్న పెళ్లలు పైన మిగలడమే మంచిది. వాన చినుకు దెబ్బ వాటి మీద పడుతుంది, మన్ను పాలు కారినట్టు కారి పొర కట్టదు.

మరి సజ్జకు, కొర్రకు అదుము అక్కర్లేదా అంటే, కావాలి. గింజ చిన్నది, రెండు మూడు సెంటీమీటర్ల కంటే లోతు పోకూడదు. ఆ పై మన్ను తొందరగా ఆరిపోతుంది. కాబట్టి గింజ పడిన సాలును మాత్రం అదమాలి, సాలుకూ సాలుకూ మధ్య నేలను వదిలెయ్యాలి. డ్రిల్లు వెనక ప్రతి సాలు మీద నడిచే చిన్న చక్రాలు, అంటే అదుము చక్రాలు, చేసేది ఈ పనే. అవి లేనిచోట బరువు లేని పలకను ఒక్కసారి మాత్రం నడపండి. మనిషి ఎక్కి నిలబడే మాను ఎర్ర నేలకు పనికిరాదు.

వాలు ఉన్న చెల్కల్లో ఇంకో ప్రమాదం ఉంది. చదునుగా అదిమిన నేల మీద నీళ్లు ఇంకవు, జారిపోతాయి. మన్నుతో పాటు గింజా పోతుంది. అక్కడ ఏం తోలినా వాలుకు అడ్డంగానే తోలాలి. మొత్తం పొలం అదమకూడదు.

నేరుగా విత్తే వరి

ఇప్పుడు వరి దగ్గరకు వద్దాం. డ్రిల్లుతో విత్తే వరిలో మూడు రకాల పరిస్థితులు ఉన్నాయి. మూడింటికీ మూడు సమాధానాలు.

ఒకటి, నేలను ముందు తడిపి, పదునుకు వచ్చాక దున్ని విత్తే పద్ధతి. పంజాబులో తర్-వత్తర్ అని చేసేది ఇదే. అక్కడ మొదటి తడి దాదాపు మూడు వారాల తర్వాతే ఇస్తారు. అంటే ఆ పదునే మొలకకు మొత్తం పెట్టుబడి. దాన్ని కాపాడాలంటే విత్తిన వెంటనే పలక తోలాలి. వాళ్లకు ఉన్న భయం కూడా మనకున్నదే. మొలక రాకముందే వాన పడితే నేల అట్ట కడుతుంది. దాన్ని వాళ్లు కరండి అంటారు. కాబట్టి వాతావరణ సూచన చూసుకొని, రెండు మూడు రోజుల్లో వాన లేదనుకున్నప్పుడు విత్తుతారు.

రెండు, పొడి దుక్కిలో విత్తి వెంటనే నీళ్లు పెట్టే పద్ధతి. బోరు కింద చాలామంది చేసేది ఇది. నీళ్లే మన్నును గింజ చుట్టూ సర్దేస్తాయి. ఇక్కడ అదమడానికని పలక తోలనవసరం లేదు. పెళ్లలు పెద్దవిగా ఉంటే వాటిని చితకడానికి విత్తే ముందు తోలుకోండి, విత్తాక కాదు.

మూడు, పొడి దుమ్ములో విత్తి వాన కోసం చూసే పద్ధతి. కాలవ చివరి రైతులు, వానాధారపు రైతులు చేసేది. పదునే లేనప్పుడు అదిమితే గింజకు అందే తడి ఏముంది? ఇక్కడ పలక పని ఒక్కటే, గింజను కప్పడం. పిట్టలకు, చీమలకు గింజ కనిపించకుండా ఉండాలి. తేలిక పలక, లేకపోతే ముళ్లకంప లాగితే చాలు. బరువు వేసి అదిమి, ఆ తర్వాత ఒకేసారి పెద్ద వాన వస్తే, బంక నేలలో నీళ్లు నిలిచి గింజ మురిగిపోతుంది. నీరు బయటకు పోయే కాలవలు తీయడం పలక కంటే ముందు చెయ్యాల్సిన పని.

వరిలో లోతు గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు మనం వేసే పొట్టి రకాల మొలకకు ఎక్కువ మందం మన్నును దాటుకొచ్చే శక్తి లేదు. రెండు మూడు సెంటీమీటర్ల లోతు మంచిది, ఐదు దాటితే మొలక బాగా తగ్గిపోతుంది. డ్రిల్లు లోతు ఎక్కువ పెట్టి, పైన పలకతో ఇంకా మన్ను లాగి కప్పితే గింజ పాతరలో పడ్డట్టే. కాబట్టి తోలే ముందు రెండు మూడు చోట్ల వేలితో సాలు తవ్వి గింజ ఎక్కడుందో చూసుకోండి.

కలుపు మందు సంగతి వరి రైతు మరవకూడదు. పెండిమిథాలిన్ లాంటి మందును విత్తిన 48 గంటల్లోపు, తడి ఉన్న నేల మీద పిచికారీ చేస్తాం. అది నేల మీద పలచని పొరలా పరుచుకుంటేనే కలుపు గింజలు ఆగుతాయి. పెళ్లలు ఎక్కువ ఉంటే వాటి నీడలో మందు పడదు, అక్కడ కలుపు లేస్తుంది. చదును వల్ల లాభం ఇక్కడ ఉంది. వరుస మాత్రం గుర్తుంచుకోండి: పలక ముందు, మందు తర్వాత. మందు కొట్టాక పలక తోలితే పొర చెదిరిపోతుంది. గింజ పైకి తేలి ఉంటే ఆ మందే వరి మొలకనూ దెబ్బతీస్తుంది. కాబట్టి మందు కొట్టే రైతు గింజ పూర్తిగా కప్పబడిందో లేదో తప్పకుండా చూసుకోవాలి.

వరి మాగాణిలో దున్నకుండా వేసే మొక్కజొన్న

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు. ఈ నేల దమ్ము చేసి గట్టిపడిన నేల. దానికి మళ్లీ అదుము ఎందుకు? ఈ పొలాల్లో రోలర్ తోలడం శుద్ధ దండగ. ఇక్కడ సమస్య వేరు. కర్రతో గుచ్చిన గుంట, లేదా డ్రిల్లు చీల్చిన గాడి మూసుకోకుండా అలాగే నోరు తెరుచుకొని ఉంటుంది. గింజ అడుగున గాల్లో ఉంటుంది. నీళ్లు పెడితే గుంటలో నిలుస్తాయి, లేకపోతే ఎలుకలు, పిట్టలు ఏరుకుంటాయి. కూలి అక్కలు విత్తనం వేస్తూ మడమతో మన్ను నెట్టి మూసుకుంటూ పోతారు చూడండి, ఆ మడమ నొక్కుడే అక్కడ అసలైన పలక. మొత్తం పొలం మీద బరువు అక్కర్లేదు, ఆ గుంట మూసుకుంటే చాలు. ఆ పనికి కూలి లెక్కగట్టేటప్పుడు "విత్తనం వెయ్యడం" అని మాత్రమే చూడకండి. మూయడం కూడా పనే, దానికీ సమయం పడుతుంది.

మొలక వచ్చాక

మొలక వచ్చాక తోలవచ్చా అని కొందరు అడుగుతున్నారు. కర్ణాటకలో హావేరి ప్రాంతపు రైతులు గుళి రాగిలో లేత పైరు మీద కొరడు అనే కొయ్య పనిముట్టును నడుపుతారు. పైరు వంగి, పిలకలు ఎక్కువ వేస్తుంది. అది రాగికి, ఎడంగా వేసిన పైరుకు, తగిన వయసులో చేసే పని. దాన్ని చూసి మొక్కజొన్న మీదో, జొన్న మీదో రోలర్ ఎక్కించకండి. కాండం విరిగితే మళ్లీ లేవదు.

మొలక రాకముందే నేల అట్ట కడితే మాత్రం ఊరుకోకూడదు. నీటి వసతి ఉంటే తేలిక తడి ఇచ్చి పొరను మెత్తబరచండి. లేకపోతే ముళ్లకంప గానీ, తేలిక దంతె గానీ గింజకు తగలకుండా పైపైన లాగి పొరను చిట్లించండి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలక పొర కింద వంకర తిరిగిపోతుంది.

పొలంలో నిలబడి చూడాల్సిన నాలుగు విషయాలు

ఇదంతా గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ట్రాక్టర్ పిలిచే ముందు ఈ నాలుగు చూడండి.

మొదటిది, పిడికిలి. గింజ పడే లోతులోంచి మన్ను తీసి పిడికిట్లో బిగించండి. ఉండ అయ్యి, వేలితో తడితే విడిపోతే తోలవచ్చు. చేతికి అంటుకొని జిగురుగా సాగితే తోలవద్దు. దుమ్ములా జారిపోతే గింజ కప్పడం మటుకే చెయ్యండి.

రెండోది, మడమ. విత్తిన సాలు మీద మడమ పెట్టి నిలబడండి. లోతుగా దిగబడితే మన్ను గుల్లగా ఉంది, అదుము కావాలి. మడమ గుర్తు మాత్రమే పడితే చాలు, అదుము అక్కర్లేదు.

మూడోది, వేలు. సాలు తవ్వి గింజను చూడండి. చుట్టూ మన్ను తాకుతోందా, ఖాళీ ఉందా, లోతు ఎంత ఉంది?

నాలుగోది, ఆకాశం. ఎర్ర నేలలో రేపో ఎల్లుండో పెద్ద వాన సూచన ఉంటే పలక మానుకోండి. నల్లరేగడిలో ఎండ కాసేలా ఉంటే పలక ఆపకండి.

తోలిన ఖర్చు గిట్టిందో లేదో తెలుసుకోవడానికి ఒక లెక్క చెబుతాను. సాళ్ల మధ్య 20 సెంటీమీటర్లు ఉండేలా ఎకరాకు 12 కిలోల వరి విత్తారనుకుందాం. వెయ్యి గింజల బరువు 22 గ్రాములుండే మధ్యరకం అయితే మీటరు సాలుకు 27 గింజల దాకా పడతాయి. వెయ్యి గింజలు 14, 15 గ్రాములే తూగే సన్న రకమైతే 40 దాకా పడతాయి. పొలంలో నాలుగు పట్టీలు తోలి, నాలుగు పట్టీలు తోలకుండా వదలండి. పన్నెండో రోజున ఒక్కో పట్టీలో మూడు చోట్ల మీటరు కర్ర పెట్టి మొలకలు లెక్కించండి. ఏ పట్టీ నెగ్గిందో కాగితం మీద రాయండి. ఇద్దరు ముగ్గురు రైతులు ఇలా రాస్తే ఆ ఊరి నేలకు ఆ ఊరి సమాధానం దొరుకుతుంది. అధికారి వచ్చి చెప్పేదాకా చూడనక్కర్లేదు.

మొలక రాకపోతే తప్పు ఎవరిది

ఇక సంఘం మనుషులుగా మనం ఆలోచించాల్సిన సంగతి. మొలక రాలేదని రైతు వెళితే విత్తనం అమ్మినవాళ్లు "నువ్వు సరిగ్గా పూడ్చలేదు, పలక తోలలేదు" అంటారు. బాడుగ డ్రైవరు "విత్తనం మంచిది కాదు" అంటాడు. ఇద్దరి మధ్య రైతు నలిగిపోతాడు. కౌలు రైతైతే కౌలు ముందే కట్టి ఉంటాడు, రెండోసారి విత్తనానికి అప్పు చెయ్యాలి.

దీనికి మందు విత్తే ముందే వేసుకోవాలి. చట్ట ప్రకారం ప్రమాణం ఉంది. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక శాతం 80, జొన్నకు, సజ్జకు 75, హైబ్రిడ్ మొక్కజొన్నకు 90. విత్తే వారం ముందు ఆ సంచిలోంచే వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి ఉంచండి. ఎన్ని మొలిచాయో ఇద్దరు సాక్షుల ముందు చూడండి. సంచి, ట్యాగు, బిల్లు పారెయ్యకండి. విత్తనంలో కొంత సంచిలోనే మిగల్చండి. గోనెలో మొలిచి పొలంలో మొలవకపోతే తప్పు నేల దగ్గరో, లోతు దగ్గరో, అదుము దగ్గరో ఉంది. గోనెలోనే మొలవకపోతే విత్తనానిదే తప్పు, ఇక పలక మాట ఎత్తే హక్కు వాళ్లకు లేదు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరంకు వెళ్లవచ్చని స్పష్టంగా చెప్పింది. ఆ కేసు వేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే. ఆ దారి మనకు ఉంది, కానీ కాగితాలు ఉన్నవాడికే ఉంది.

బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో విత్తలేకపోయినా, మొలక రాకపోయినా బీమా మొత్తంలో 25 శాతం ఇచ్చే నిబంధన ఉంది. అయితే అది ఊరు లాంటి బీమా యూనిట్ మొత్తం మీద 75 శాతం పైగా విస్తీర్ణం, అదీ వాతావరణం వల్ల, దెబ్బతింటేనే వర్తిస్తుంది. ఒక్క రైతు పొలంలో మొలక పోతే ఆ నిబంధన కింద ఏమీ రాదు. అందుకే మొదటి విత్తు నిలబెట్టుకోవడం మనకు ప్రాణంతో సమానం.

మనం అడగాల్సినవి

రాయితీ మీద ఇచ్చే సీడ్ డ్రిల్లులకు లోతు సరిచేసే ఏర్పాటు, సాలు అదిమే చక్రాలు తప్పనిసరిగా ఉండాలి. యాంత్రీకరణ ఉపమిషన్ కింద ప్రజల సొమ్ముతో ఇచ్చే యంత్రం ఇది. అందులో ముఖ్యమైన భాగం లేకుండా ఇచ్చి, రైతును రెండోసారి ట్రాక్టర్ బాడుగ కట్టుకోమనడం ఏం న్యాయం? బాడుగ యంత్ర కేంద్రాల్లో ఎర్ర నేలకు తేలిక పలక, నల్ల నేలకు బరువు పలక రెండూ ఉంచాలి. డ్రైవర్లకు లోతు సరిచూడటం నేర్పించాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అదుము ప్రయోగాలను పరిశోధనా కేంద్రం మళ్లలోనే ఆపకుండా, మండలానికి రెండు నేలల్లో రైతుల పొలాల్లో చేసి చూపించాలి.

మన పక్కనుంచి కూడా ఒక నియమం పెట్టుకుందాం. బాడుగ మాట్లాడేటప్పుడే "విత్తడం, పూడ్చడం కలిపి ఎకరాకు ఇంత" అని మాట్లాడండి. పూడ్చడం వేరే తడవ, వేరే బిల్లు అంటే ఒప్పుకోకండి. తోలొద్దని నేల చెబుతున్నప్పుడు, డ్రైవరు పలక తెచ్చాడు కదా అని తోలించుకోకండి. తోలాలని నేల చెబుతున్నప్పుడు అయిదారు వందలు మిగులుతాయని మానకండి. రెండోసారి విత్తనం, రెండోసారి బాడుగ, పోయిన అదును కలిపితే ఎంతవుతుందో మీకే తెలుసు.

వచ్చే తొలకరికి ఈ తరగతికి వచ్చిన ప్రతి ఊరి నుంచి కనీసం ఇద్దరు తోలిన పట్టీ, తోలని పట్టీ లెక్క తేవాలని కోరుతున్నాను. నేల రకం, విత్తిన రోజు పదును, తర్వాత పడిన వాన, మీటరుకు మొలకలు, ఈ నాలుగు రాస్తే చాలు. వాటన్నిటినీ కలిపి మన పత్రికలో వేద్దాం. అదుము చక్రాలు లేని డ్రిల్లు మాకొద్దని అధికారుల ముందు కూర్చున్నప్పుడు మన చేతిలో ఆ లెక్కలు ఉండాలి.

 ప్రశ్నలుంటే అడగండి.